ఎవరి చెయ్యీ తగలని రొట్టె

యూనివర్సిటీలో నేను వారానికి రెండు మధ్యాహ్నాలు మాత్రమే పాఠం చెప్తాను. మిగతా రోజుల్లో నిజామాబాద్‌లోని ఒక ఆస్పత్రిలో పనిచేస్తాను. పక్షవాతం వచ్చినవాళ్లు, ఎముకలు విరిగినవాళ్లు, మిషన్లలో వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ తమ పనులు తాము చేసుకునేలా తయారుచేయడం నా వృత్తి. దాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. ఆ పేరు ఆస్పత్రిలో సగం మందికి నోరు తిరగదు. నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లకు వాచ్‌మన్ "చేతుల మేడం ఆ చివరి రూమ్ల ఉంటది" అని దారి చూపిస్తాడు. కాళ్లు ఫిజియోథెరపీ సారువి, చేతులు నావి. ఆ పంపకం తప్పే గాని జనానికి తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి నేనెప్పుడూ సరిదిద్దలేదు.

నా దగ్గర చదివేది ఈ పనికి అసిస్టెంట్లు కాబోయే పిల్లలు. ఎక్కువగా ఆడపిల్లలే. కొందరు టౌన్‌లో బీడీలు చుట్టే ఇళ్ల నుంచి వస్తారు, కొందరు ఆర్మూర్ వైపు పసుపు పండించే ఇళ్ల నుంచి, కొందరు ఇందల్వాయిలో బస్సెక్కి. నర్సింగ్ సీటు రాక ఇటు వచ్చినవాళ్లే ఎక్కువ. ఆ సంగతి వాళ్లు దాచుకోరు, నేనూ నొచ్చుకోను. నాకు స్టాఫ్ రూమ్‌లో సొంత కుర్చీ లేదు. ఆ రోజు ఎవరు సెలవు పెడితే వాళ్ల కుర్చీలో కూర్చుంటాను. పార్ట్‌టైమ్ మనిషికి అంతకంటే ఏం కావాలి?

మాకు ఇచ్చిన తరగతి గది ఒకప్పటి స్టోర్ రూమ్. అందులో ఒక సింకు, ఒక ఇనప మంచం, ఒక గ్యాస్ పొయ్యి, తలుపు సరిగ్గా పడని ఒక బీరువా ఉన్నాయి. బీరువాలో పాత చీరలు, గుండీల చొక్కాలు, పళ్లాలు, చెంచాలు. వెల్లుల్లిపాయలు కూడా ఉంటాయి. ఒంటి చేత్తో వెల్లుల్లి ఒలిచి చూడండి, మనిషికి రెండో చెయ్యి ఎందుకిచ్చారో తెలుస్తుంది.

పుస్తకంలో ఉన్నది ఈ పిల్లలు బాగానే పట్టుకుంటారు. కండరాల పేర్లు, కీళ్ల కదలికలు, ఏ జబ్బుకు ఏ కట్టు వేయాలో గడగడా అప్పజెప్తారు. వాళ్లకు ఎంతకూ పట్టుబడనిది ఒకటుంది, చేతులు వెనక్కి పెట్టుకొని ఊరికే నిలబడటం. రోగి చొక్కా తొడుక్కోవడానికి అవస్థ పడుతుంటే చూస్తూ నిలబడాలి. గ్లాసు జారిపోబోతున్నా, ప్రమాదం లేకపోతే, జారనివ్వాలి. మనం అందుకున్న ప్రతిసారీ రోగి చెయ్యి ఒక పని మర్చిపోతుంది. సాయం చేయడం పుట్టుకతో వచ్చే బుద్ధి. సాయం మానుకోవడానికే చదువు కావాలి. ఈ మాట ప్రతి ఏడూ మొదటి రోజు చెప్తాను. ప్రతి ఏడూ తలలూపుతారు. ఆ తర్వాత ఒక అమ్మాయి కుడిచేతిని చున్నీతో ఒంటికి కట్టేసి, వెల్లుల్లి ఒలవమని చెప్పి, మిగతావాళ్లను చుట్టూ నిలబెడతాను. కాసేపటికే ఎవరో ఒకరి చెయ్యి చల్లగా వెళ్లి ఆ పాయ పట్టుకుంటుంది. నేను కేకలేస్తాను. "అలవాటైపోయింది మేడం" అంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, నా క్లాసులో అది తిరగబడింది.

వాళ్లందరిలోకీ మొండి ఘటం మోర్తాడ్ నుంచి వచ్చే ఒక అమ్మాయి. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ పిల్ల గోళ్లు పసుపుపచ్చగా ఉండేవి. మార్కులన్నీ మంచివే. కానీ రోగి వయసులో పెద్దవాళ్లయితే ఆమె చేతులు ఆమె మాట వినేవి కావు. ఆస్పత్రిలో ఒక ముసలాయనకు ఇడ్లీ తినడం నేర్పమంటే తనే తుంచి నోట్లో పెట్టింది. ఆయన కూడా హాయిగా నోరు తెరిచాడు. నేను చూసి బయటికి పిలిచి నాలుగు తిట్టాను. ఆమె ఏడవలేదు, వాదించింది.

"పెద్దమనిషి కష్టపడుతుంటే నేను నిలబడి సూస్తున్న అని తెలిస్తే మా అవ్వ నా చెంప పగలగొడ్తది మేడం. మా ఇంట్ల గట్ల పెంచలే."

"మీ ఇంట్లో ఎట్లా పెంచారో నాకు అనవసరం. ఇక్కడ ఆయన చెయ్యి బాగుపడాలి."

"అట్లయితే నాతోని కాదేమో మేడం. ప్రాక్టికల్ల ఫెయిల్ చేయున్రి."

నాకు ఓపిక తక్కువ. ఉన్న కాస్తా పొద్దుట రోగుల దగ్గర ఖర్చయిపోతుంది, మధ్యాహ్నం పిల్లల దాకా మిగలదు. అయినా ఆ మాట నచ్చింది. తనకు ఏది చేతకాదో అంత స్పష్టంగా చెప్పగలిగిన విద్యార్థులు నాకు చాలా మంది తగల్లేదు. ఆ ఏడాది ప్రాక్టికల్ కోసం ఒక్కొక్కరికి ఒక్కో రోగిని అప్పగించాలి. ఆ అమ్మాయికి కావాలనే ఒక అవ్వను అప్పగించాను.

ఆ అవ్వది రుద్రూర్ దగ్గర ఒక పల్లె. పక్షవాతం కుడివైపు వచ్చింది. కాలు తొందరగానే కుదురుకుంది, చెయ్యి మాత్రం వెనకబడింది. వేళ్లు ముడుచుకుంటాయి గాని పిలవగానే తెరుచుకోవు. మేము కొత్తగా వచ్చిన ప్రతి రోగినీ మొదట ఒకే ప్రశ్న అడుగుతాం, నీకు ఏం చేతనైతే చాలు అని. నడవాలె అంటారు చాలామంది. ఈమె మోర్తాడ్ అమ్మాయి వైపు కాసేపు చూసి, "జొన్నరొట్టె చేస్కోవాలె బిడ్డా" అంది.

ఎందుకో తర్వాత తెలిసింది. ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఊళ్లోనే వ్యవసాయం, చిన్నవాడు బోధన్‌లో దుకాణం. కొడుకులు వేరుపడిన నాడే ఆమె కూడా వేరుపడింది. పెద్దకొడుకు ఇంటి చివర ఒక గది, గదికి వేరే తలుపు, అందులో తన పొయ్యి. తల్లిని వంతులు వేసుకొని ఈ నెల ఒకరు, వచ్చే నెల ఒకరు సాకడం మా వైపు ఇళ్లలో మామూలే. ఆమె అప్పుడే వద్దని చెప్పింది. ఇప్పుడు చెయ్యి పడిపోయేసరికి ఆ మాట మళ్లీ లేచింది. పెద్దల పేరున బియ్యమిచ్చే పెత్తరమాస అమావాస్య కాగానే వంతులు మొదలుపెట్టాలని, గదిలో పొయ్యి తీసేయాలని అన్నదమ్ములు అనుకున్నారు.

పెద్దకొడుకు చెడ్డవాడు కాదు. తల్లిని ఆస్పత్రికి తీసుకొచ్చిందీ, బయట బెంచీ మీద కునుకుతీస్తూ కూర్చున్నదీ అతనే. అతని బాధ వేరు.

"ఇద్దరు కొడుకులు ఉండంగ ముసల్దాని తోని వండిపిచ్చుకుంటున్నరని ఊర్ల అంటున్నరు మేడం. రేపు నిప్పంటుకుంటే ఎవ్వరిది పాపం?"

నేను నా పద్ధతిలో చెప్పాను, మనిషి తన పని తాను చేసుకుంటేనే మెదడు కోలుకుంటుందని. అతను మర్యాదగా విన్నాడు. నన్ను వదిలించుకోవడానికే కాబోలు, చివరికి ఒక షరతు పెట్టాడు.

"ఒక పని చేయున్రి. పెత్తరమాస లోపట నా కండ్ల ముందట, ఎవ్వరి చెయ్యి తగలకుంట ఒక్క రొట్టె చేసి చూపియ్యమనున్రి. అప్పుడు పొయ్యిని నేను ముట్ట."

అవ్వ పక్కనే ఉంది. "మాట మీద ఉంటవారా?" అని అడిగింది. ఉంటానన్నాడు.

అప్పటి నుంచి నా క్లాసు ఉన్న రోజుల్లో అవ్వను అక్కడికే తీసుకొచ్చేవారు, మా స్టోర్ రూమ్ జొన్నపిండి వాసన కొట్టింది. జొన్నరొట్టె రెండు చేతుల పని. వేడినీళ్లతో పిండి పిసకాలి, ముద్దను పీట మీద తిప్పుతూ తట్టాలి, విరగకుండా రెండు చేతుల మీదికి ఎత్తి పెనం మీద వేయాలి. పిసకడం కుదిరింది. పళ్లెం కింద తడిగుడ్డ పరిచి కదలకుండా చేశాం. ఎడమచేత్తో తట్టడం కూడా కొన్ని వారాల్లో వచ్చింది, అంచులు వంకరపోయినా. ఎత్తడం దగ్గరే అంతా ఆగిపోయేది. బోధన్ అవతల సరిహద్దు ఊళ్లలో మరాఠీ ఆడవాళ్లు థాలీపీఠ్ అనే తమ రొట్టెను తడిబట్ట మీద తట్టి, బట్టతో సహా పెనం మీద బోర్లిస్తారని నేను పిల్లలకు చెప్పాను. అవ్వకు ఆ పద్ధతి మొదట నచ్చలేదు. రొట్టెకు బట్ట తగలడమేంటని ముఖం ముడుచుకుంది. రెండుమూడు విరిగాక తనే కొంగుకు చెయ్యి తుడుచుకొని, "తే ఆ గుడ్డ" అంది.

ఇక మిగిలింది పెనం మీద తిప్పడం. అట్లకాడ ఎడమచేతిలో పట్టుకొని, ముడుచుకున్న కుడిచేతి వేళ్ల వెనకభాగంతో అంచుకు ఆసరా ఇచ్చి తిప్పాలి. కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు మడతపడేది. మడతపడినప్పుడల్లా మోర్తాడ్ అమ్మాయి ముందుకు వంగేది. నేను దగ్గేదాన్ని. ఆమె నాలుక కరుచుకొని వెనక్కి జరిగేది. చివరికి తనే ఒక ఉపాయం కనిపెట్టింది. చున్నీ రెండు కొసలూ వీపు వెనక్కి తెచ్చి మణికట్లకు చుట్టుకొని నిలబడటం మొదలుపెట్టింది. మిగతా పిల్లలు పోలీసులు పట్టుకున్నారా అని ఆటపట్టించారు. ఆమె నవ్వింది, చున్నీ మాత్రం విప్పలేదు.

అనుకున్న రోజు పొద్దున్నే నేనూ ఆ అమ్మాయీ బోధన్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఆ ఊరికి వెళ్లాం. వరి పొట్ట మీద ఉంది. మధ్యమధ్య మిగిలిన చెరకు మడులు తలెత్తి కనిపిస్తున్నాయి. దారి మొత్తమ్మీద ఆ అమ్మాయి ఒక్కసారి మాత్రం "రొట్టె విరిగితే నిజంగానే పొయ్యి తీస్తడా మేడం?" అని అడిగింది. తీస్తాడనే చెప్పాను. లేనిపోని ధైర్యాలు చెప్పడం నాకు చేతకాదు.

అవ్వ గది చిన్నది, శుభ్రంగా ఉంది. గ్యాస్ పొయ్యిని ఒక అరుగు మీదికి ఎక్కించి, ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు వేయించాం. కొడుకు గోడకు ఆనుకొని కూర్చున్నాడు. ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు తలుపు దగ్గర చేరారు. అతని భార్య, అవ్వ పెద్దకోడలు, మాకు చాయ్ ఇచ్చి గడప పక్కన నిలబడింది. ఆస్పత్రి రోజుల్లో అత్తకు స్నానం చేయించింది, తల దువ్వింది, అన్నం తినిపించింది ఆ కోడలే. మెతక మనిషి. ఆమె గొంతు నేను అప్పటిదాకా సరిగ్గా విననేలేదు.

అవ్వ తొందరపడలేదు. పిండి పిసికింది. బట్ట తడిపింది. తట్టింది. తట్టిన చప్పుడు ఒకే చేతిది కాబట్టి మామూలు రొట్టె చప్పుడులా లేదు, ఆగి ఆగి వినిపించింది. బట్టతో పెనం మీద బోర్లించి, బట్ట ఊడదీసింది. రొట్టె విరగలేదు. పైన నీళ్లు అద్దింది. తలుపు దగ్గర ఒకావిడ "ఓ, పర్వాలేదు" అంది. మోర్తాడ్ అమ్మాయి చున్నీ బిగించుకొని నా పక్కన కొయ్యలా నిలబడింది.

అట్లకాడ రొట్టె కిందికి దూర్చింది అవ్వ. సగం లేచింది, ఒక పక్క జారింది, మడత పడబోయింది. ఆమె ఆగింది. అట్లకాడను కొద్దిగా వెనక్కి లాగి మళ్లీ దూర్చాలి. దానికి సమయం కావాలి. మేము నేర్పింది ఆ ఆగడమే. ఆ ఆగడంలోనే గడప పక్క నుంచి ఒక చెయ్యి వచ్చింది. కోడలు రెండు వేళ్లతో రొట్టె అంచు పట్టి చటుక్కున తిప్పేసి చెయ్యి వెనక్కి తీసుకుంది. అంతా కన్ను మూసి తెరిచేలోపే అయిపోయింది.

ఆమె ఏ దురుద్దేశంతోనూ చేయలేదు. నలుగురి ముందు అత్త పొయ్యి దగ్గర అవస్థ పడుతుంటే కోడలు చేతులు కట్టుకొని నిలబడితే ఆ ఊళ్లో ఆ కోడలికి బతుకుంటుందా? ఇన్ని వారాలు నేను ఒక పిల్ల చేతులు వెనక్కి కట్టించాను. ఆ ఇంట్లో తరాలుగా ముందుకు రావడం నేర్చుకున్న చేతులు వేరే ఉన్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియక, అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, చేతిలో ఉన్న చాయ్ గ్లాసును కింద గట్టిగా పెట్టాను.

కొడుకు లేచాడు. "సూస్తిరా మేడం. చెయ్యి పడనే పడ్డది."

అతని గొంతులో గెలిచిన సంతోషం లేదు. పని తేలిపోయిందన్నట్టు ఉంది. కోడలు తన వేళ్ల వైపు చూసుకుంది. తను ఏం చేసిందో అప్పుడే తెలిసొచ్చినట్టుంది.

మోర్తాడ్ అమ్మాయి, చేతులు ఇంకా వెనకే ఉండగా, మాట్లాడింది. "అన్నా, అవ్వ అడగలే. వదిన తనంతట తానే పెట్టింది. గా చెయ్యి లెక్కల పట్టొద్దు."

"గట్లనే పెడ్తరమ్మా రోజు. ఎవ్వరో ఒకరు పెట్టాల్సి వస్తది. నేను చెప్పేది గదే."

ఇక అయిపోయిందని నేను పర్సు భుజానికి తగిలించుకున్నాను. అవ్వ మాత్రం ఇటు తిరగలేదు. కాలిన రొట్టెను పళ్లెంలోకి దించి, ఆ పళ్లేన్ని కోడలి వైపు జరిపింది.

"గిది నీది. నువ్వు తిను."

తర్వాత కొడుకును చూసి, "కూసో" అంది.

"అమ్మా, పొలం కాడ ట్రాక్టర్ వచ్చింది—"

"ఆగుతది. కూసో."

అతను కూర్చున్నాడు. అవ్వ మళ్లీ కోడలి వైపు చూసింది. "నువ్వు గా పిల్ల పక్కకు పో. చేతులు కొంగుల పెట్టుకో."

కోడలు వచ్చి మోర్తాడ్ అమ్మాయి పక్కన నిలబడి, రెండు చేతులూ కొంగులో చుట్టుకుంది. తలుపు దగ్గరి ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఇద్దరూ అట్లా చేతులు దాచుకొని నిలబడితే నాకూ నవ్వొచ్చేది, ఇంకో రోజయితే.

రెండో రొట్టె అంత బాగా రాలేదు. తట్టేటప్పుడే ఒక అంచు చీలింది. పెనం మీద తిప్పేటప్పుడు మళ్లీ జారింది, మళ్లీ ఆగింది. ఈసారి ఎవరూ కదల్లేదు. కోడలు కొంగును చేతులకు ఇంకో చుట్టు బిగించుకుంది. అవ్వ అట్లకాడను వెనక్కి లాగి, ముడుచుకున్న వేళ్లను అంచుకు ఆనించి, తిప్పింది. రొట్టె బోర్లా పడింది. ఒకవైపు కాస్త మాడింది. అవ్వ దాన్ని పళ్లెంలో వేసి పొయ్యి ఆర్పింది. కొడుకు ఆ రొట్టెను కాసేపు చూశాడు. "సరే" అన్నాడు, చెప్పులేసుకొని పొలానికి వెళ్లిపోయాడు. మేమూ మధ్యాహ్నం బస్సుకు వచ్చేశాం. ఆ అమ్మాయి బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. నా పద్ధతి అది.

పెత్తరమాస పోయింది, బతుకమ్మ పోయింది. ఆ అమ్మాయి తన ప్రాక్టికల్ ముగించడానికి మరోసారి రోగిని చూడాలి. ఇద్దరం మళ్లీ వెళ్లాం. ఈసారి ఆమె దారంతా మాట్లాడుతూనే ఉంది, అవ్వ ఇప్పుడు రొట్టె ఎంత తొందరగా చేస్తుందో, కుడిచేతి వేళ్లు ఇంకెంత తెరుచుకుంటున్నాయో అని.

గది తలుపు తీసే ఉంది. పొయ్యి ఉన్నచోటే ఉంది. పొయ్యి ముందు స్టూలు మీద కోడలు కూర్చొని చకచకా రొట్టెలు తడుతోంది. అవ్వ మంచం మీద కూర్చొని చూస్తోంది.

అమ్మాయి ముఖం వాడిపోయింది. నాకు చిరాకు దాచుకోవడం రాదు. మా పుస్తకాల ప్రకారం ఇది ఓటమే. రోగికి పని వచ్చు, అయినా ఇంకొకరు చేసి పెడుతున్నారు. ఇన్ని వారాల పని, జొన్నపిండి, చున్నీ ముడులు, అంతా బూడిదలో పోసిన పన్నీరు అనుకున్నాను. కోడలు మమ్మల్ని చూసి లేవబోయింది. అవ్వ కూర్చోమని సైగ చేసింది.

ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చొని, మెల్లగా అడిగింది. "నీకు చేతనైతది గదా అవ్వా. మరి గిట్లెందుకు?"

అవ్వ ఆశ్చర్యపోయింది, ఇంత చిన్న సంగతి మాకు తెలియదా అన్నట్టు.

"చేతనైతది. గందుకే చేపిచ్చుకుంటున్న. చేతగాకుంటే పెట్టింది తినుడే గదా బిడ్డా. ఇప్పుడు ఆమెనే నా పొయ్యి కాడికి వస్తది. నేను ఎవ్వరి పొయ్యి కాడికి పోలే."

అమ్మాయి నా వైపు చూసింది. నా కడుపు చల్లబడ్డ మాట నిజం. పిండి కాస్త గట్టిగా అయిందని అవ్వ కోడలికి చెప్పింది. ఆ తర్వాత మా ఇద్దరికీ చెరో రొట్టె వేయమంది.